వేలిముద్ర వేయకముందే లాయరును అడగండి

(ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల కార్యకర్తల తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మేము మాట్లాడబోయేది పెద్ద సిద్ధాంతం కాదు. రోజూ మన ఇండ్లలో జరిగే సంగతులే. పదివేలు తీసుకొని నోటు మీద వేలిముద్ర వేస్తే కోర్టు నుంచి లక్షకు సమను వస్తుంది. డి.కె.టి. పట్టా నాయన పేరుతో ఉంటుంది, సేద్యం చేసేది ఇంకొకడు. పెండ్లి చేసి పంపిన కూతురు రెండేండ్లకు బిడ్డను చంకనేసుకొని తిరిగొస్తుంది. క్వారీలో బండ పడి కొడుకు కాలు పోతే ఓనరు ఆసుపత్రి బిల్లు కట్టి చేతులు దులుపుకుంటాడు. కులం పేరుతో తిట్టి కొట్టినోడి మీద ఫిర్యాదు ఇయ్యబోతే స్టేషనులో కాగితమే తీసుకోరు. మాలపల్లెలో గానీ మాదిగపల్లెలో గానీ ఏ తలుపు తట్టినా వినబడే మాటలివి.

వీటన్నిటికీ చట్టం ఉంది. చట్టం తెలిసిన లాయర్లు ప్రొద్దుటూరులో ఉన్నారు, జమ్మలమడుగులో ఉన్నారు, పులివెందులలో ఉన్నారు. మూడు ఊర్లలోనూ కోర్టులున్నాయి. అయినా మనం పోము. పోతే ఎప్పుడు పోతాము? అంతా అయిపోయినాక, డిక్రీ చేతబట్టుకొని అమీనా ఇంటి ముందర నిలబడినాక పోతాము. ఎవరితో పోతాము? ఊరి పెద్దమనిషిని బతిమాలి ఆయన వెంట పోతాము. ఈ రెండు అలవాట్లే మనల్ని ముంచుతున్నాయి. ముందే పోవాల. మన కాళ్ళ మీద మనమే పోవాల. ఈ రోజు మేము చెప్పేదంతా ఈ రెండు మాటల గురించే.

అరుగు మీద తీర్పుకు ఫీజు లేదా?

"లాయరు దగ్గరికి పోతే డబ్బులు గుంజుతాడు సారూ, పెద్దాయన అయితే ఊరికే చెప్తాడు" అంటారు మనవాళ్ళు. ఊరికే చెప్తాడా? బాగా ఆలోచన చేయండి. ఆ అరుగు కింద నిలబడి దండం పెట్టిన రోజు నుంచి మన ఓటు ఎవరిది? ఆయన చేలో కోత పడితే మొదట పిలుపు ఎవరికి? ఆయనకు, ఎదురు పార్టీ ఆయనకు కొట్లాట జరిగితే సాక్షి సంతకం పెట్టమని ఎవరిని అడుగుతారు? కేసులో ముద్దాయిగా పేరు ఇచ్చుకొని జైలుకు పొమ్మని ఎవరింటికి కబురొస్తుంది? మన సీమ ఊర్లలో ఫ్యాక్షన్ కేసుల్లో వాయిదాలకు తిరిగి తిరిగి ముసలోళ్ళయిన మన మనుషులు ఎంతమంది లేరు! లాయరు ఫీజు ఒకసారి కడితే తీరిపోతుంది. అరుగు ఫీజు మన కొడుకులు కూడా కట్టాల్సి వస్తుంది.

ఇంకొక సంగతి. పెద్దమనిషి వెంట మనం లాయరు ఆఫీసుకు పోతే కుర్చీలో కూర్చునేది ఆయన, గోడకు ఆనుకొని నిలబడేది మనం. లాయరు మాట్లాడేది ఆయనతో. మన భూమి సంగతి, మన కూతురి కాపురం సంగతి, మన అప్పు సంగతి అన్నీ ఆయన చెవిలో పడతాయి. లాయరుకు చెప్పిన మాట బయటికి పోకూడదని చట్టం ఉంది. మన అనుమతి లేకుండా లాయరు దాన్ని బయటపెట్టకూడదు. పక్కన కూర్చున్న పెద్దమనిషికి ఆ కట్టుబాటు లేదు. రేపు ఆయనే మన ఎదురు పార్టీ అయితే? మన గుట్టంతా ఆయన జేబులోనే ఉంటుంది.

బాబాసాహెబ్ చేసిన పని

బాబాసాహెబ్ అంబేడ్కర్ మనకు రాజ్యాంగం ఇచ్చినాడని అందరం చెప్పుకుంటాము. ఆయన లాయరుగా బతికినాడన్నది మరిచిపోతాము. 1923లో బొంబాయి హైకోర్టులో ప్రాక్టీసు మొదలుపెట్టినాడు. పరేల్‌లో దామోదర్ హాలులో ఆయన ఆఫీసు. మిల్లు కార్మికులు, అంటరానివాళ్ళు నేరుగా ఆ ఆఫీసు మెట్లెక్కి తమ బాధ చెప్పుకునేవాళ్ళు. వాళ్ళకు ఆ మెట్లు ఎక్కడమే ఒక విముక్తి.

1927లో మహాద్ చెరువు నీళ్ళు తాగిన కథ మనందరికీ తెలుసు. ఆ తర్వాత జరిగింది తక్కువమందికి తెలుసు. అదే ఏడు డిసెంబరులో అగ్రకులాలవాళ్ళు ఆ చెరువు మాది అని దావా వేసి ఇంజంక్షన్ తెచ్చినారు. వేలమంది జనం మహాద్‌లో ఉడుకుతున్న వేళ బాబాసాహెబ్ చెరువు దగ్గరికి పోవడం ఆపి, కోర్టులో కొట్లాడినాడు. కింది కోర్టు దాటి, అప్పీలు దాటి, హైకోర్టు దాకా పోయి 1937 మార్చి 17న తీర్పు మన పక్షాన వచ్చింది. చెరువు వాళ్ళ సొంత ఆస్తి కాదని తేలింది. పదేండ్లు పట్టింది. బారిష్టరు చదివిన మనిషే కోర్టు కాగితాన్ని పక్కన పారేయలేదు. జవాబు రాసినాడు, సాక్ష్యం పెట్టినాడు, వాయిదాకు నిలబడినాడు. మనమేమో సమను వస్తే చూరులో దోపి ఊరుకుంటాము.

మూడు కాగితాలు

మేము బడిలో అక్షరాలు చెప్పేవాళ్ళం, లాయర్లం కాము. మా ఇండ్లలో మాకంటే ముందు కాలేజీ గడప తొక్కినోళ్ళు లేరు. అందుకే ఏ కాగితం వచ్చినా పల్లెలో జనం మా దగ్గరికే తెస్తారు. అట్లా తెచ్చిన వాటిల్లో ఎక్కువ కనబడేవి మూడు రకాల కాగితాలు.

మొదటిది ప్రామిసరీ నోటు. అప్పు ఇచ్చేవాడు ఖాళీ నోటు మీద స్టాంపు అంటించి "ఈడ వేలిముద్ర ఎయ్యి, తర్వాత రాసుకుందాంలే" అంటాడు. మనం వేస్తాము. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షన్ ఏం చెప్తుందంటే, ఖాళీ స్టాంపు కాగితం మీద సంతకం చేసి ఇస్తే దాన్ని నింపుకునే అధికారం అవతలోడికి ఇచ్చినట్టే. ఇక కోర్టులో "నేను తీసుకున్నది పదివేలే" అంటే దాన్ని రుజువు చేయాల్సిన బరువు మన నెత్తిన పడుతుంది. నోటుకు మూడేండ్ల కాలదోషం ఉంది. అది గడిచిపోకుండా అప్పిచ్చినోడు మధ్యలో వచ్చి "వంద రూపాయలు చెల్లు వేస్తాను, వెనక వేలిముద్ర ఎయ్యి" అంటాడు. ఆ చెల్లు దగ్గర నుంచి మళ్ళీ కొత్తగా మూడేండ్లు మొదలవుతుంది. ఆయన చెల్లు వేసేది మన మీద దయతో కాదు. కాబట్టి అంకెలు, అక్షరాలు, తేదీ రాసినాకనే వేలిముద్ర. అప్పు తీరిన రోజే నోటు వెనక్కి తీసుకోవాల. ఖాళీ చెక్కు కూడా ఇట్లాంటిదే. చెక్కు తిరిగొచ్చిందని నోటీసు వస్తే, అందిన రోజు నుంచి 15 రోజుల్లోపల డబ్బు కట్టకపోతే క్రిమినల్ కేసు వేయడానికి దారి తెరుచుకుంటుంది. ఆ 15 రోజుల్లోనే లాయరును కలిసి, మన మాట ఏముందో జవాబు రాయించి రిజిస్టరు పోస్టులో పంపాల.

రెండోది పట్టా. 1977లో వచ్చిన అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ప్రకారం పేదలకు ఇచ్చిన డి.కె.టి. భూమిని అమ్మడం, కొనడం చెల్లదు. అట్లా చేతులు మారిన భూమిని అధికారులు స్వాధీనం చేసుకొని మొదటి పట్టాదారుకు గానీ వారసులకు గానీ తిరిగి ఇప్పించవచ్చు. "మా నాయన తాగి అమ్మేసినాడు, ఇంకేం చేస్తాములే" అని ఊరుకున్న కుటుంబాలు ఈ మాట వినాల. 2023లో ఈ చట్టాన్ని సవరించి, ఇచ్చి 20 ఏండ్లు దాటిన భూముల మీద మొదటి పట్టాదారులకు పూర్తి హక్కు ఇస్తామన్నారు. ఆ పేరుతో జరిగిన రిజిస్ట్రేషన్ల మీద 2024లో విచారణ మొదలైంది. ఇట్లా రూలు మారే కాలంలోనే దళారులు పల్లెల్లో తిరుగుతారు. అడ్వాన్సు చేతిలో పెట్టి అగ్రిమెంటు మీద వేలిముద్ర అడుగుతారు. ఆ రోజున ఒక్క మాట చెప్పండి: "లాయరును అడిగి రేపు చెప్తానన్నా." నిజమైన బేరం అయితే రేపటిదాకా ఆగుతుంది.

ప్రభుత్వం భూమి తీసుకునేటప్పుడు కూడా ఇదే మాట. గండికోట రిజర్వాయరు, తుమ్మలపల్లె యురేనియం, మైలవరం సోలార్ పార్కు... మన ప్రాంతంలో భూములు పోతూనే ఉన్నాయి. "మీది డి.కె.టి. కాబట్టి మీకు తక్కువ ఇస్తాము" అనే మాట ఎన్ని చోట్ల వినలేదు! 2004లో ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు విస్తృత ధర్మాసనం మేకల పాండు కేసులో, అసైన్డ్ భూమి తీసుకున్నా సొంత పట్టా భూమితో సమానంగా మార్కెట్ ధర ప్రకారం నష్టపరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. 2013 భూసేకరణ చట్టం కింద మొదటి నోటిఫికేషన్ వచ్చినాక అభ్యంతరం చెప్పడానికి 60 రోజులు గడువుంది. పంచాయతీ ఆఫీసు గోడకు అంటించిన కాగితాన్ని చదివే మనిషి పల్లెకు ఒకడు లేకపోతే ఆ 60 రోజులు మనకు తెలియకుండానే గడిచిపోతాయి.

మూడోది సమను. "తీసుకోకపోతే కేసు నిలబడదు" అని మనవాళ్ళలో ఒక నమ్మకం. అది తప్పు. తీసుకోనని చెప్తే తలుపుకు అంటించి పోతారు, అందినట్టే లెక్క. సివిల్ దావాలో సమను అందినాక జవాబు వేయడానికి 30 రోజులు, కోర్టు ఒప్పుకుంటే 90 రోజుల వరకు. పోకపోతే ఎక్స్ పార్టీ డిక్రీ, అంటే మన మాట వినకుండానే తీర్పు. దాన్ని తీసేయించుకోవడానికి మళ్ళీ 30 రోజులే గడువు. గడువు దాటితే ఆలస్యానికి కారణం చూపించి కోర్టును ఒప్పించాల. కాబట్టి సమను వస్తే సంతకం చేసి తీసుకోండి, అందిన తేదీ దాని మీదనే రాసుకోండి, ఆ వారంలోనే బస్సెక్కండి.

క్వారీలోను, సిమెంటు ఫ్యాక్టరీలోను దెబ్బ తగిలినవాళ్ళకు ఒక మాట. ఓనరు కొంచెం డబ్బిచ్చి "ఇక నాకు ఏ హక్కూ లేదు" అని తెల్లకాగితం మీద రాయించుకుంటాడు. పనిలో గాయపడినోడు పరిహారం హక్కును వదులుకుంటున్నానని రాసిచ్చినా అది చెల్లదన్నది 1923 నాటి పరిహారం చట్టంలోనే ఉన్న సూత్రం. ఇప్పుడు ఆ పరిహారం సంగతులన్నీ 2020 సామాజిక భద్రతా కోడ్ కిందికి వచ్చినాయి. రోడ్డు ప్రమాదం అయితే పరిహారం దరఖాస్తుకు ఆరు నెలల గడువు పెడుతూ చేసిన సవరణ 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. కర్మంతరాలు కాగానే కాగితాల పని చూడాల. ఏడాది మాసికం దాకా ఆగితే చిక్కే.

స్టేషను మెట్ల మీద

1989 అట్రాసిటీ నిరోధక చట్టం మన పోరాటాల నుంచి వచ్చిన చట్టం. 1985 జులై 17న కారంచేడులో పారిన రక్తం ఆ చట్టం వెనక ఉంది. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు, ముందు విచారణ జరిపినాకనే కేసు కట్టాలని ఆ చట్టానికి కళ్ళెం వేసింది. ఏప్రిల్ 2న దేశమంతా దళితులు బంద్ చేసినారు, ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ ఏడాదే పార్లమెంటు 18-ఎ సెక్షన్ తెచ్చి, ఎఫ్.ఐ.ఆర్. కట్టడానికి ముందస్తు విచారణ అక్కరలేదని రాసింది.

ఈ చట్టం 4వ సెక్షన్ ప్రతి కార్యకర్త నోటికి రావాల. మనం నోటితో చెప్పిన ఫిర్యాదును పోలీసు అధికారి రాసుకోవాల. రాసింది మనకు చదివి వినిపించాల. ఆ తర్వాతనే సంతకం గానీ వేలిముద్ర గానీ తీసుకోవాల. ఎఫ్.ఐ.ఆర్. కాపీ ఇవ్వాల. ఈ పనులు కావాలని చేయని అధికారి, ఎస్సీ, ఎస్టీ కానివాడయితే, అతనికే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు అని ఆ సెక్షన్ చెప్తుంది. రైటరు రాసిన కాగితంలో కులం పేరుతో తిట్టిన మాట లేకుండా పోతుంది, నలుగురి ముందర తిట్టినాడన్నది లేకుండా పోతుంది. తర్వాత కోర్టులో "మొదటి ఫిర్యాదులో ఈ మాట లేదే" అంటారు. కేసు ఓడిపోయేది కోర్టులో కాదు, స్టేషనులో ఆ మొదటి కాగితం దగ్గరే. అందుకే ఫిర్యాదు ఇచ్చే ముందు వీలయితే లాయరుతో ఫోనులో అయినా మాట్లాడాల. స్టేషనులో తీసుకోకపోతే ఫిర్యాదును ఎస్.పి.కి పోస్టులో పంపాల, ఆ రసీదు దాచాల. తర్వాత మేజిస్ట్రేటు దగ్గరికి పోవచ్చు.

మనల్నే పట్టుకుపోతే? 24 గంటల్లోపల మేజిస్ట్రేటు ముందర పెట్టాల. నచ్చిన లాయరుతో మాట్లాడుకునే హక్కు రాజ్యాంగం 22వ అధికరణంలో ఉంది. లాయరును పెట్టుకునే శక్తి లేకపోతే ప్రభుత్వమే పెట్టాల. 1986లో సుక్ దాస్ కేసులో సుప్రీంకోర్టు, ముద్దాయి అడగకపోయినా ఉచిత లాయరు హక్కు ఉందని చెప్పాల్సిన బాధ్యత కోర్టుదే అని, అట్లా చెప్పకుండా వేసిన శిక్షను కొట్టేసింది. బొజ్జా తారకం గారు "పోలీసులు అరెస్టు చేస్తే" అని ఒక పుస్తకమే రాసినారు. ఊరికొక కాపీ ఉండాల.

ఆడబిడ్డల సంగతి

తల్లులారా, మీకు ఒక మాట. తండ్రి ఆస్తిలో కూతురికి సమాన వాటా అని మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది. 2005లో దేశమంతటికీ వచ్చింది. 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి లేకపోయినా కూతురికి ఆ హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. క్రైస్తవ కుటుంబాలకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది, అందులోనూ కొడుకు, కూతురు అనే తేడా లేదు. కానీ మన ఇండ్లలో ఏం జరుగుతాంది? "చీర పెడతాం, పసుపు కుంకుమ పెడతాం, ఒకసారి రిజిస్ట్రారు ఆఫీసుకు రా అక్కా" అని పిలిచి హక్కు విడుదల పత్రం మీద వేలిముద్ర వేయించుకుంటారు. ఇది పెత్తందారు చేసే పని కాదు, మన అన్నదమ్ములు చేసే పనే. అవతలోడి అన్యాయం గురించి సభలో మాట్లాడి, ఇంటికి పోయి చెల్లెలి వాటా మింగితే ఉద్యమం నిలబడదు. భర్త వదిలేసినా, కొట్టినా, భరణానికీ రక్షణకూ చట్టాలున్నాయి. ఆడవాళ్ళకు కులం, ఆదాయం చూడకుండా ప్రభుత్వమే లాయరును ఇస్తుంది.

ఉచితం అంటే భిక్షం కాదు

1976లో రాజ్యాంగంలో 39-ఎ అధికరణం చేర్చినారు. దాని ప్రకారం 1987లో న్యాయ సేవల అధికార సంస్థల చట్టం వచ్చి 1995 నవంబరు 9 నుంచి అమలవుతున్నది. 12వ సెక్షన్‌లో ఎస్సీ, ఎస్టీలకు ఆదాయ పరిమితి లేకుండా ఉచిత న్యాయ సహాయం అని రాసుంది. జిల్లా సంస్థ కడపలో ఉంటుంది. కోర్టులున్న మన ఊర్లలో మండల కమిటీలు ఆ కోర్టు ఆవరణలోనే ఉంటాయి. తెల్లకాగితం మీద అర్జీ, కుల ధృవీకరణ పత్రం చాలు. లాయరు ఫీజు, కోర్టు ఫీజు, నకళ్ళ ఖర్చు వాళ్ళే చూస్తారు. కేసు వేయకముందు ఉత్త సలహా కోసం కూడా పోవచ్చు. 15100 నంబరుకు ఫోను చేసి కూడా అడగవచ్చు. ఆ లాయరు మన దగ్గర పైసా తీసుకోకూడదు. పట్టించుకోకపోతే మార్చమని అర్జీ పెట్టవచ్చు.

ఇక్కడ ఒక ముడి ఉంది, దాచకుండా చెప్పాల. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవాళ్ళకే ఎస్సీ హోదా. 2025లో మన హైకోర్టు కూడా క్రైస్తవంలోకి మారినవాళ్ళు అట్రాసిటీ చట్టం కింద కేసు పెట్టలేరని చెప్పింది. మన పల్లెల్లో చర్చి లేని పల్లె లేదు. ఎదుటి లాయరు మొదట అడిగేది ఇదే. కాబట్టి మన లాయరుకు నిజం ముందే చెప్పండి. వేరే ఏ చట్టం కింద పోవాలో ఆయన చూస్తాడు.

లోక్ అదాలత్ గురించి కూడా ఒక హెచ్చరిక. రాజీకి అది మంచి చోటే. కోర్టు ఫీజు కూడా తిరిగొస్తుంది. కానీ అక్కడ సంతకం పెట్టిన రాజీ డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. కాబట్టి చదివించుకొని, అర్థమైనాకనే వేలిముద్ర.

లాయరు ముందర ఎట్లా కూర్చోవాల?

కుర్చీలో కూర్చోవాల. మొదటి పాఠం అదే.

పోయే ముందర ఒక కాగితం మీద తేదీల వరుస రాసుకోండి: ఏ రోజు ఏం జరిగింది, ఎవరు చూసినారు, ఏ కాగితం ఉంది. జెరాక్సులు ఇయ్యండి, అసలు కాగితాలు అవసరమైనప్పుడే ఇచ్చి రసీదు రాయించుకోండి. మనకు వ్యతిరేకమైన సంగతి కూడా చెప్పండి. డాక్టరుకు నొప్పి దాస్తే మందు ఎట్లా ఇస్తాడు? తర్వాత ఈ ప్రశ్నలు అడగండి: అయ్యా, నా కేసులో బలమేమి, లోపమేమి? గడువు ఎంత? ఫీజు మొత్తం ఎంత, ఎన్ని విడతలు? కోర్టుకు పోకుండా నోటీసుతో తీరుతుందా? వకాల్తా మీద సంతకం పెట్టేటప్పుడు అది ఏ కేసుకో రాసినాకనే పెట్టండి. కేసు పడినాక 16 అక్షరాల సి.ఎన్.ఆర్. నంబరు రాసుకోండి. సెల్‌ఫోను ఉన్న పిల్లవాడు ఈ-కోర్ట్స్ యాప్‌లో కొట్టి వాయిదా ఎప్పుడో నిమిషంలో చెప్తాడు. "వాయిదా పడింది" అన్న మాట కోసం గుమాస్తా చుట్టూ తిరగాల్సిన పని లేదు.

"గెలిస్తే వచ్చిన పరిహారంలో ఇంత వాటా నాకు" అని లాయరు అడిగితే అది బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. ఫీజు బాకీ ఉందని కేసు కట్ట పట్టుకొని కూర్చునే హక్కు లాయరుకు లేదని 2000లో సుప్రీంకోర్టు చెప్పింది. లాయరు మోసం చేస్తే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. అదే సమయంలో మాట ఇచ్చిన ఫీజు మనం ఇయ్యాల. ఆయనకూ ఇల్లుంది.

"లాయర్లలోనూ ఎక్కువమంది ఆ కులాలవాళ్ళే కదా సారూ, మన మాట వింటారా?" అని ఇందాక ఒక అక్క అడిగింది. మంచి ప్రశ్న. కొందరు వినరు. వినేవాళ్ళు ఉన్నారు. ఎదురు పార్టీకి దగ్గరివాడా కాదా అని ముందు విచారించి పోవాల. మన పిల్లల్లోనూ లా చదివినవాళ్ళు వస్తున్నారు. వాళ్ళు కూడా పెద్ద కేసుల కోసమే చూడకుండా వారానికి ఒక పూట పల్లె కోసం కూర్చోవాల. మనం వాళ్ళను నమ్మి కేసులియ్యాల. మన కులం లాయరంటే చులకన, అవతలి కులం లాయరంటే భయం, ఈ రెండూ పోవాల.

చట్టం ఒక్కటే చాలదు, చట్టం లేకుండా జరగదు

అంతా కోర్టే చూసుకుంటుందని మేము చెప్పడం లేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను నరికి చంపినారు. జనం పోరాడి ప్రత్యేక కోర్టును చుండూరులోనే పెట్టించుకున్నారు. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. ఆ రోజు మనం ఏడ్చినాము. కానీ ఆ పదహారేండ్లలో బెదిరింపులకు లొంగకుండా బోనెక్కి సాక్ష్యం చెప్పిన కూలి ఆడవాళ్ళను చూసి ఈ రాష్ట్రం నేర్చుకున్నది చిన్న సంగతి కాదు. తీర్పు మన చేతిలో లేదు. కాగితం, గడువు, సాక్ష్యం మాత్రం మన చేతిలోనే ఉన్నాయి. వాటిని మనమే పోగొట్టుకుంటే ఓడించడానికి ఎవరూ అక్కరలేదు.

ఇక పని. ప్రతి పల్లెలోనూ చదువుకున్న ఒక పిల్లను, ఒక పిల్లవాణ్ణి ఎంచుకోండి. న్యాయ సేవల సంస్థలు 2009 నుంచి పారా లీగల్ వాలంటీర్లను తయారుచేస్తున్నాయి, అందులో మనవాళ్ళ పేర్లు ఇయ్యండి. ప్రతి ఇంట్లో ఒక కాగితాల సంచి ఉండాల: పట్టా, పాసుపుస్తకం, కుల పత్రం, నోట్ల జెరాక్సులు, సమన్లు. నెలకొకసారి ఆ సంచులు విప్పి గడువులు చూడండి. పౌర్ణమి నాడో, ఆదివారం ప్రార్థన అయినాకనో, మీకు వీలైన రోజు పెట్టుకోండి. లాయరు దగ్గరికి ఒంటరిగా పోలేని ముసలామె ఉంటే సంఘం మనిషి తోడుపోవాల. తోడుపోయినోడు గుమ్మం బయట కూర్చోవాల, లోపల మాట్లాడేది ఆమెనే. అట్లా కాకుండా మనమే లోపలికి పోయి ఆమె తరఫున మాట్లాడడం మొదలుపెడితే, అరుగు మీద ఇంకొక పెద్దమనిషి తయారైనట్టే.

తాతలకు వేలిముద్ర తప్ప వేరే దారి లేదు, చదువు రానియ్యలేదు కాబట్టి. మన పిల్లలకు చదువొచ్చింది. ఇక ఈ మూడు తాలూకాల్లో ఏ దళితవాడలోనూ చదివి వినిపించని కాగితం మీద ఒక్క వేలు కూడా సిరాలో ముంచకూడదు. ఈ మాట మీ పల్లెకు చేర్చండి.

జై భీమ్!